డోర్కస్‌కి, ఏ వరసో తెలియక

డోర్కస్,
నిన్నేమని పిలవాలో తోచక
పొద్దుటి నుంచీ కలం సిరాలో ముంచుతున్నాను, తీస్తున్నాను.
మీ నాయనమ్మ మా తాతకి వేలు విడిచిన మేనత్త అని ఒకరు,
అదేం కాదు, గోడకి గోడ ఆనుకున్న ఇరుగుపొరుగేనని ఇంకొకరు.
తేల్చి చెప్పగల మనిషి ఒటీవెల్ బాబాయి
తేల్చకుండానే పోయాడు మొన్న మార్చిలో,
గోడల నీడన మంచు ఇంకా కరక్కముందే.

మొదటి కబురు అదే.
పెద్దగా బాధపడలేదు.
రొమ్ములో గని దుమ్ము గురగురమంటుంటే
"గొర్రెల్ని లెక్కపెట్టారా" అని అడిగి
జవాబు వినకుండా అటు తిరిగి పడుకున్నాడు.
పెట్టె మొయ్యడానికి ఆరుగురు కావాలి.
గన్నర్‌సైడ్‌లో మోయగలిగిన మగవాళ్ళు నలుగురే మిగిలారు.
ఐదో భుజం నాది, ఆరోది పాస్టరుగారిది.
చాపెల్ వాళ్ళెవరూ ఏమీ అనలేదు.

గని మూసేశారు. ఈ సంగతి నీకు ముందే తెలిసుంటుంది,
మావాళ్ళు సగం మంది మీ బర్న్లీ వీధుల్లోనే కదా.
స్పెయిన్ నుంచి ఓడల్లో సీసం చవగ్గా దిగుతోందట.
ఎన్నడూ చూడని దేశం
మా పొయ్యిలో నీళ్ళు పోసింది.
నీళ్ళచక్రాన్ని మాత్రం ఎవరూ ఆపలేదు.
రాత్రిళ్ళు దేన్నీ దంచకుండా ఊరికే తిరుగుతుంటుంది.

కేలబ్ మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. ఆవిడకి రెండు మేకలున్నాయి.
అతని గురించి నువ్వు అడగలేదు. అయినా రాశాను.
నల్లావు ఈనింది, కోడెదూడ.
మార్తా చూపు పూర్తిగా పోయింది. అయినా
దీపం లేకుండానే మేజోళ్ళు అల్లుతుంది,
మడమ తిరిగే చోట ఒక్క కన్ను తప్పదు.

ఇక అసలు సంగతి.
బాబాయి నీకొకటి వదిలి వెళ్ళాడు.
అల్లేటప్పుడు సూది నిలవడానికి నడుముకి దోపుకుంటామే, ఆ కొయ్య.
చేతుల చెమటకి తేనెరంగు తిరిగింది.
మొదట్లో మీ నాయనమ్మ పేరు అక్షరం చెక్కి ఉంది.
మరి చుట్టరికం ఉన్నట్టేగా?
పోస్టులో పంపితే విరుగుతుందని భయం.
అందుకని లెటీ చేతికిచ్చి పంపుదామనుకుంటున్నాను.

దానికి పదకొండేళ్ళు. తిండి కొంచెమే.
అక్కడ ఒక పూట బడి, ఒక పూట మిల్లు అని విన్నాను.
మగ్గాల మోతలో చెవులతో పనిలేదనీ
పెదాలు చూసే మాట్లాడుకుంటారనీ పోయినేడు రాశావు.
ఆ ముక్క పట్టుకుని నేర్పిస్తున్నాను.
వానకి వాగు హోరెత్తిన రోజుల్లో
అటు ఒడ్డున అది, ఇటు ఒడ్డున నేను.
రొట్టె, అంటుంది. నూలు, అంటుంది.
పోగు తెగింది ముడెయ్యి, అంటుంది.
ఒక్కటీ పోనివ్వకుండా పట్టుకుంటున్నాను.

నిన్న సాయంత్రం ఇంకేదో అంది.
చిన్న మాటే. రెండుసార్లు అంది.
నేను చెవి దగ్గర చెయ్యి పెట్టి
తెలియలేదన్నట్టు తల అడ్డంగా ఊపాను.
వాగు కొంచెం తగ్గాక అది రాళ్ళ మీదుగా ఇవతలికొచ్చి
మళ్ళీ చెప్పలేదు. నేనూ అడగలేదు.

గురువారం సున్నం బండి కొండ దాటి హాజ్ స్టేషన్ దాకా వెళ్తుంది.
ఎర్ర శాలువా కప్పుకుని ఉంటుంది,
నడుముకి కొయ్య దోపుకుని.
వద్దనుకుంటే బుధవారం లోపు ఒక ముక్క రాయి.
ఈ ఉత్తరం నీకు మంగళవారం చేరుతుందని నాకు తెలుసు,
నీకూ తెలుసు.

ఇట్లు,
నీకేదో ఒకటి అయ్యే
టామర్ హార్కర్.

మరిచిపోయాను:
నిద్రలో కాళ్ళతో తంతుంది. గోడవైపు పడుకోబెట్టు.